వేసవికో సూది... చెట్టుకో చిక్కం

ఎండలు ముదురుతున్నాయంటే మన ఇళ్లల్లో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి, బీరువా అడుగున పడి ఉన్న పాత నూలు చీరలు బయటికి తీయడం. రెండోది, పెరట్లోకి వెళ్లి మామిడి చెట్టుకేసి తలెత్తి చూడటం. ఈ రెండింటికీ సంబంధం ఏవిటీ అంటారేమో! ఉందండీ, దగ్గరి సంబంధమే ఉంది. కుట్టుమిషను ముందు కూర్చునే చెయ్యి తలచుకుంటే ఇంటిల్లిపాదినీ ఎండ నుంచి కాపాడగలదు. అదే చెయ్యి పెరట్లో కాసిన కాయను నేలపాలూ పరాయిపాలూ కాకుండా ఇంట్లోకి చేర్చగలదు. 2020 వేసవి నుంచీ మా వీధిలో జరుగుతున్నది ఇదే.

మాది నూజివీడు ప్రాంతంలో ఓ చిన్న ఊరు. చిన్నరసాలకు పేరున్న చోటు. తోటలున్న రైతుల సంగతి వేరు. నేను చెప్పబోయేది ఇంటి వెనక ఒకటో రెండో చెట్లున్న మనలాంటి వాళ్ల గురించి. అయితే కాయలకంటే ముందు ఎండ వస్తుంది కాబట్టి, ముందు దాని సంగతే చూద్దాం.

ఎండకు నూలే విరుగుడు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. అందుకే తలకు గుడ్డ, చేతిలో నీళ్లు అనేవి సోకు కాదు, అవసరం. బజారులో దొరికే స్కార్ఫులూ చేతి తొడుగులూ చాలావరకు పాలిస్టర్ కలిసినవే. అవి చెమటను పీల్చవు. నాలుగైదేళ్లు ఉతికి మెత్తబడ్డ నూలు చీరను మించిన వేసవి గుడ్డ లేదు. చెమటను పీలుస్తుంది, గాలికి ఆరుతుంది, ఆరేటప్పుడు ఒంటికి చల్లదనం ఇస్తుంది. తెలుపు, లేత పసుపు, లేత నీలం లాంటి రంగులైతే మరీ మంచిది.

మా పక్కింటి పిన్నిగారు ముప్పై ఏళ్లుగా మిషను కుడుతున్నారు. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. మిషను లేకపోయినా చేత్తో కుట్టుకోదగ్గవే ఇవన్నీ.

తలగుడ్డ: 36 అంగుళాల పన్నా ఉన్న మీటరు గుడ్డను చదరంగా చేసుకుని ఐమూలగా కత్తిరిస్తే రెండు ముక్కోణాలు వస్తాయి. రెండూ రెండు తలగుడ్డలు. ఐమూల అంచు సాగుతుంది కాబట్టి దాన్ని లాగకుండా సన్నగా మడిచి కుట్టాలి. మెడ, చెవులు, నుదురు మూడూ మూసుకుపోయేలా కట్టుకుంటేనే ప్రయోజనం.

చేతి తొడుగులు: వీటికి కొత్త గుడ్డ కొననక్కరలేదు. పాత నూలు చుడీదార్ ప్యాంటు కాళ్లు చాలు. మడమ దగ్గర నుంచి పైకి 23 అంగుళాలు కొలిచి కత్తిరించండి. చీలమండ దగ్గర సన్నగా, పిక్క దగ్గర వెడల్పుగా ఉండే ఆ ఆకారం చేతికి అచ్చంగా సరిపోతుంది. పై అంచు ముప్పావు అంగుళం మడిచి కుట్టి సన్న ఎలాస్టిక్ ఎక్కించండి. మణికట్టు వైపు కుట్టును ఒక అంగుళంన్నర మేర విప్పి, అంచులు మడిచి కుడితే బొటనవేలు దూరడానికి దారి ఏర్పడుతుంది. స్కూటీ నడిపే అమ్మాయిలకు వేళ్ల మొదళ్ల దాకా ఎండ తగలదు.

పిల్లల టోపీ: నాలుగైదేళ్ల పిల్లల తల చుట్టుకొలత సుమారు 20 అంగుళాలు ఉంటుంది. మీ పిల్లల తల కొలిచి చూసుకుని, లూజుకు ఒక అంగుళం కలపండి. 21 అంగుళాలకు ఇదీ లెక్క. పైభాగానికి 7¾ అంగుళాల అడ్డుకొలత ఉన్న గుండ్రటి ముక్క, చుట్టూ గోడకు 22 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు ఉన్న పట్టీ. నీడనిచ్చే అంచుకు రెండు వలయాలు కావాలి. వాటి బయటి అడ్డుకొలత 12¾ అంగుళాలు, లోపలి రంధ్రం 5¾ అంగుళాలు. అన్నింటిలోనూ కుట్టుకు అర అంగుళం కలిసే ఉంది. వలయాలు రెంటినీ బయటి అంచున కలిపి కుట్టి తిరగేయండి. లోపలి అంచుకు చిన్న చిన్న గాట్లు పెట్టి పట్టీకి కలపండి. గాట్లు పెట్టకపోతే ముడతలు వస్తాయి. అంచు వాలిపోకుండా నిలవాలంటే మధ్యలో ఒక మందపాటి గుడ్డ పొర వేయండి.

నీళ్ల సీసా తొడుగు: సీసా చుట్టుకొలతకు రెండు అంగుళాలు కలిపి సంచిలా కుట్టండి. లోపల పాత తువ్వాలు, బయట మందపాటి నూలు గుడ్డ. బయటికి వెళ్లేముందు తొడుగును తడిపి పిండి సీసాకు తొడగండి. తడి ఆరుతున్న కొద్దీ నీళ్లు చల్లగా ఉంటాయి. మట్టికూజా పనిచేసేదీ ఈ సూత్రం మీదే.

ఇవన్నీ ఒక్క ఆదివారం మధ్యాహ్నం పని. ఇక రెండో పనికి వద్దాం.

చెట్టు మనది, కాయ ఎవరిది?

మా పెరట్లో రెండు మామిడి చెట్లున్నాయి. ఒకటి బంగినపల్లి, ఇంకోటి చిన్నరసం. రసం చెట్టు మా అత్తగారు నాటింది. మావారు పుట్టిన ఏడు నాటారట. మావయ్యగారు ఉన్నన్నాళ్లూ కాయ కోయించడం, గడ్డి పరచడం, మాగబెట్టడం అంతా ఇంట్లోనే. ఆ తర్వాత ఓ ఏడు, కాయ దింపడానికి వచ్చిన కూలి మనిషి మా వీధి చివరి ఇంట్లో చెట్టు మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. దాంతో వీధిలో అందరికీ భయం పట్టుకుంది. చెట్టెక్కేవాళ్లు దొరకడమూ తగ్గింది. ఇంట్లో మగవాళ్లు ఉద్యోగాలకని ఊళ్లు పట్టుకు తిరిగేవాళ్లాయె. చివరికి అందరం చెట్లను గుత్తకివ్వడం మొదలుపెట్టాం.

గుత్త అంటే మీకు తెలిసిందే. కాయ పిందె మీద ఉండగానే వ్యాపారి వచ్చి చెట్టు చూసి ఓ మొత్తం చెబుతాడు. మా రెండు చెట్లకూ కలిపి రెండున్నర వేలు ఇచ్చేవాడు. ఆ తర్వాత కాయ మీద మనకు హక్కు లేదు. సీజను మొదట్లో ధర బాగుంటుందని కాయ ముదరకుండానే కోసేసేవాడు. కర్రలతో కొట్టి రాల్చేవాడు. పగిలినవీ, చిట్లినవీ మాకు వదిలేసి బాగున్నవి పెట్టెల్లో సర్దుకుపోయేవాడు. ఆ పెట్టెల్లో చిన్న చిన్న కాగితప్పొట్లాలు పెట్టడం నా కళ్లారా చూశాను. అవేమిటో చెప్పక్కరలేదు కదా, కార్బైడ్. నెలాఖరుకు బజారుకు వెళ్లి డజను ఇంత అని అవే పళ్లు మళ్లీ మేమే కొనుక్కుని తెచ్చుకునేవాళ్లం.

అత్తగారు ఆ పళ్లు ముట్టుకునేవారు కాదు. "నా చెట్టు పండు వాసన నాకు తెలుసమ్మాయ్, ఇది అది కాదు" అనేవారు. తాను నాటిన చెట్టు నీడలోనే కూర్చుని, దాని పండు ఒక్కటీ తినకుండా ఆవిడ ఆరు వేసవులు గడిపారు.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. గుత్తదారు రాలేదు. కూలీలు రాలేదు. చెట్ల నిండా కాయలు. ఈదురుగాలి వచ్చినప్పుడల్లా రాత్రంతా దబ్ దబ్ మని చప్పుడు. పొద్దున్న చూస్తే పెరడంతా చితికిన కాయలే. అప్పుడు పిన్నిగారు మాస్కులు కుడుతున్నారు. ఆవిడ మా గోడ మీంచి చూసి, "మీ ఇంట్లో చిక్కం లేదటే?" అన్నారు. ఎప్పుడో చినిగిపోయిందని అత్తగారు చెప్పారు. "చినిగితే కుట్టుకోవాలి గానీ కూర్చుంటే ఎలా వదినా" అంటూ పిన్నిగారే ముందుకొచ్చారు.

వెల్డింగ్ షాపులు మూసి ఉన్నాయి. అందుకని జాలీ ఊడిపోయిన పాత పిండి జల్లెడ చట్రానికి మేకుతో చిల్లులు పొడిచాం. మా అబ్బాయి పాత ప్యాంటు తొడ భాగాన్ని సంచిగా కుట్టాం. బట్టలారేసే వెదురుగెడకు తీగతో బిగించాం. మొదటి రోజు సాయంత్రానికి నలభై కాయలు దించాం. ఒక్కటీ నేల తగల్లేదు. ఎవరూ చెట్టెక్కలేదు.

చిక్కం కుట్టే పద్ధతి

ఆ తర్వాత ఏటేటా కాస్త కాస్త మెరుగుపరిచాం. ఇప్పుడు మా వీధిలో వాడుతున్న చిక్కం ఇదీ.

కావలసినవి: 8 అంగుళాల అడ్డుకొలత ఉన్న ఇనుప చువ్వ కడియం, గెడ దూరేందుకు కడియానికి అతికించిన పొట్టి గొట్టం, గొట్టానికి ఎదురువైపు కొడవలిలా వంపు తిరిగిన చిన్న కత్తి. ఇవి మూడూ వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. 26 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల పొడవు ఉన్న మందపాటి నూలు గుడ్డ, నాడా, గట్టిదారం ఉంటే మిగతా పని ఇంట్లోదే. పాత ప్యాంటు గుడ్డ, పాత దుప్పటి ఏదైనా పనికొస్తుంది.

ముందుగా గుడ్డ పై అంచును అంగుళం చొప్పున రెండుసార్లు మడిచి కుట్టండి. బరువంతా పడేది అక్కడే కాబట్టి రెండు వరసల కుట్టు వేయండి. తర్వాత గుడ్డను అడ్డంగా సగానికి మడిచి, పక్క కుట్టూ అడుగు కుట్టూ వేయండి. అడుగున మూలలు గుండ్రంగా రావాలి. మూలలు కోణంగా ఉంటే కాయ అక్కడ ఇరుక్కుని ముచ్చిక విరుగుతుంది. ఇప్పుడు నాడాను 8 అంగుళాల ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్క నడుమను సంచి పై అంచుకు రెండేసి అంగుళాల దూరంలో కుట్టండి. పన్నెండు ముక్కలు పడతాయి. వాటి కొసలతో సంచిని కడియానికి కట్టేయడమే. కత్తి, గొట్టం ఉన్న చోట నాడా రాకుండా చూసుకోండి.

కడియానికి కుట్టేయకుండా ఎందుకు కట్టడం అంటారా? సొన పడి సంచి రెండు రోజుల్లోనే జిగటగా తయారవుతుంది. విప్పి ఉతుక్కోవాలంటే నాడాలే మేలు. బజారు చిక్కాలకు నైలాను తాడు వల ఉంటుంది. దాని ముడులు కాయ తొక్కకు ఒరుసుకుంటాయి. గుడ్డ సంచిలో ఆ బాధ లేదు.

సంచి లోతు 13 అంగుళాలకు మించక్కరలేదు. లోతు ఎక్కువైతే నాలుగైదు కాయలు ఒకేసారి దింపాలని ఆశ పుడుతుంది. గెడ కొసన కిలో బరువు ఉంటే భుజాలు లాగేస్తాయి. రెండు కాయలు పడగానే దించేయాలి. ఒకరు గెడ పట్టుకుంటే ఇంకొకరు కాయ అందుకోవాలి. మేం పాత చీర కొంగుతో భుజానికి తగిలించుకునే జోలెలు కూడా కుట్టాం. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. గంపలోకి కాయ విసరాల్సిన పని ఉండదు.

కత్తికి ఒక తొడుగు కుట్టడం మరవకండి. మందపాటి గుడ్డ రెండు పొరలు, ఒక నాడా చాలు. పని లేనప్పుడు కత్తికి తొడుగు ఉండాల్సిందే. ఇంట్లో పిల్లలుంటారు.

భుజం లేచిందా?

చిక్కం తయారైంది కదా అని కనబడ్డ కాయనల్లా కోస్తే గుత్తదారుకూ మనకూ తేడా ఏముంది? కాయ ముదిరిందో లేదో చూడటం ఒక విద్య. అది మా ఇంట్లో అత్తగారికి తప్ప ఎవరికీ రాదు. గెడ ఎత్తే శక్తి ఆవిడకు లేదు. అందుకని చెట్టుకింద కుర్చీ వేశాం. అక్కడ కూర్చుని, "ఆ ఎడంకొమ్మన గుత్తిలో పైది... అది కాదు, దాని పక్కది" అంటూ ఒక్కొక్క కాయా చూపించేవారు. ఆవిడ చెప్పగా నేనూ మా అమ్మాయీ నేర్చుకున్న గుర్తులివి.

ముచ్చిక దగ్గర కాయ భుజాలు పైకి లేవాలి. లేతకాయకు ముచ్చిక నుంచి భుజం కిందికి జారినట్టుంటుంది. ముదిరితే భుజాలు ఉబ్బి, ముచ్చిక చిన్న గుంటలో కూర్చున్నట్టు కనిపిస్తుంది. ముదురాకుపచ్చ రంగు తగ్గి లేతబడుతుంది. తొక్క మీద చుక్కలు స్పష్టంగా తేలతాయి. చెట్టున ఒకటో రెండో పళ్లు వాటంతటవే పండి రాలడం, చిలకలు కొట్టడం మొదలైతే మిగతా కాయలకూ దగ్గర పడ్డట్టే. అప్పటికీ అనుమానంగా ఉంటే ఒక కాయ కోసి చూడండి. టెంక గట్టిపడి, దాని చుట్టూ కండ పసుపు తిరుగుతుంటే ముదిరినట్టు.

ఇంకో పరీక్ష బకెట్ నీళ్లది. ముదిరిన కాయ నీళ్లలో మునుగుతుంది. లేతకాయ తేలుతుంది. మా అమ్మాయి బడిలో చదివిన సాంద్రత పాఠం పెరట్లో కళ్లారా చూసింది. అత్తగారు మాత్రం బకెట్ అక్కర్లేకుండానే చెప్పేస్తారు. మొదటి ఏడు ఆవిడ ముదిరిందని చెప్పిన కాయల్లో ఇరవై తీసి నీళ్లలో వేస్తే పందొమ్మిది మునిగాయి. తేలిన ఆ ఒక్కటీ చూసి, "అది నేను చూపించింది కాదు, నువ్వు పక్కది కోసుంటావ్" అన్నారు!

చెట్టంతా ఒకేరోజు దులపకూడదు. ఒకే చెట్టున ముందు పూసిన కొమ్మ ముందు ముదురుతుంది. వారం పదిరోజుల తేడాతో రెండు మూడు విడతలుగా కోసుకోవాలి. మేం రసం చెట్టును ఆ ఏడు మూడు విడతల్లో దించుకున్నాం. ఇంటికి, ఇద్దరు ఆడపడుచులకు, వీధిలో చెట్టు లేని ఇళ్లకు పంచగా ఇంకా మిగిలాయి.

సొనతో జాగ్రత్త

ముచ్చిక విరగ్గానే చిమ్మే సొన మామూలుది కాదు. మామిడి, జీడిమామిడి ఒకే కుటుంబం చెట్లు. సొన ఒంటికి తగిలితే దద్దురు వస్తుంది, కొందరికి పుండు కూడా పడుతుంది. కాయ మీద పడితే నల్లటి చారలు కట్టి, పండేటప్పుడు అక్కడే కుళ్లు మొదలవుతుంది. అందుకే కాయను లాగి తెంపకూడదు. కత్తితో రెండు మూడు అంగుళాల కాడ ఉండేలా కోయాలి. కాడ ఉన్నంతసేపూ సొన పెద్దగా కారదు.

దించాక నీడకు తెచ్చి, కాడను అర అంగుళం మిగిలేలా కత్తిరించి, కాయలను తలకిందులుగా పెట్టాలి. పాత నులకమంచం ఉంటే దాని సందుల్లో ముచ్చిక కిందికి ఉండేలా పేర్చవచ్చు. మూడు నాలుగు గంటల్లో సొన కారిపోతుంది. మట్టినేల మీద మాత్రం పెట్టకండి.

కోసేవాళ్లు చేతులకు కొబ్బరినూనె రాసుకోవాలి. పైకి చూసి కోసేటప్పుడు సొన కంట్లో పడే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు పెట్టుకోండి. ఒంటిమీద పడితే వెంటనే సబ్బుతో కడుక్కోండి. పైన చెప్పిన చేతి తొడుగులూ తలగుడ్డా ఇక్కడ కూడా అక్కరకొస్తాయి. మా అమ్మాయి స్కూటీ తొడుగులే వేసుకుని కాయలు కోస్తుంది.

మాగబెట్టడం ఇలా

గాలి తగిలే చీకటి గదిలో మూడంగుళాల మందాన ఎండు వరిగడ్డి పరచండి. దెబ్బ తగలని కాయలను ఒకదానికొకటి తగలకుండా ఒకే వరసగా పేర్చండి. పైన మళ్లీ గడ్డి, దానిపైన గోనెపట్టా కప్పండి. గడ్డి దొరకని పట్టణాల్లో పాత న్యూస్‌పేపర్లలో చుట్టి అట్టపెట్టెలో పెట్టవచ్చు. పెట్టెలో ఒకటి రెండు పండిన అరటిపళ్లు ఉంచితే త్వరగా పండుతాయి. అరటిపండు నుంచి వెలువడే ఇథిలీన్ వాయువే ఇందుకు కారణం. రోజు విడిచి రోజు తీసి చూసి, పండినవి ఏరుకుని, మచ్చ పడ్డవి తీసేయాలి. ముదిరిన కాయ వారం లోపే పండుతుంది. రంగును నమ్మకండి. చిన్నరసం పండినా తొక్క మీద కొంత పచ్చదనం ఉండిపోతుంది. ముచ్చిక దగ్గర వాసన చూడండి, అదే అసలు గుర్తు.

కార్బైడ్ సంగతీ చెప్పుకోవాలి. తేమ తగిలితే దాన్నుంచి ఎసిటిలీన్ వాయువు వస్తుంది. ఆ వాయువు లేతకాయకు కూడా పసుపురంగు తెప్పిస్తుంది. బజారు కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి. అందుకే దాంతో పళ్లు పండించడం మన దేశంలో నిషేధం. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల్లోనూ ఆ నిషేధం ఉంది. దాని బదులు ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు వాడుకోవడానికి 2016లో అనుమతించారు. నిషేధం ఉన్నా పొట్లాలు కనిపిస్తూనే ఉన్నాయి. పైన ఒకేరకమైన పసుపు, లోపల పులుపు, వాసన శూన్యం... ఈ మూడూ కలిస్తే అనుమానించాలి. పెరట్లో చెట్టుంటే ఆ అనుమానంతో పనే లేదు.

రాలిన కాయలనూ పారేయకండి. దెబ్బ తగిలిన కాయ ఆవకాయకు పనికిరాదు, ఏడాది నిలవదు. పప్పులోకి, పచ్చడిలోకి వాడుకోవచ్చు. మిగిలితే చెక్కుతీసి ముక్కలు కోసి, ఉప్పు కలిపి ఎండబెడితే ఒరుగులవుతాయి. వానాకాలంలో పప్పుకు అవే దిక్కు.

జామకు చొక్కా, సపోటాకు గోరు

మామిడి లేని ఇళ్లల్లోనూ జామచెట్టు ఉంటుంది. జామతో బాధల్లా పండు ఈగ. పండబోయే కాయ తొక్క కింద గుడ్లు పెడుతుంది. కోసి చూస్తే పురుగులు. దీనికి మందు కొట్టక్కరలేదు. కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే గుడ్డ సంచి తొడగాలి. పలచటి మల్లు చీరను 9 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు ఉన్న ముక్కలుగా చేసి, సగానికి మడిచి, పక్కలు కుట్టి, మూతికి బొందు ఎక్కించండి. చిరుగులూ మరకలూ తీసేసినా ఒక చీరకు ముప్పై సంచులకు తక్కువ రావు. ఉడుతల బెడద, చిలకల బెడద కూడా తగ్గుతుంది. సీజను అయ్యాక ఉతికి దాచుకుంటే మరుసటి కాపుకు మళ్లీ అవే. తోటల్లో రైతులు మామిడికి కాగితపు సంచులు తొడుగుతున్నారు కదా, ఇదీ అలాంటిదే. ఈగ పట్టి రాలిన జామకాయలను మాత్రం చెట్టుకింద వదలకండి. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో పడేస్తే పురుగు చస్తుంది.

సపోటా చెట్టున పండదు, కోశాక పండుతుంది. కాయ మీది గోధుమరంగు పొట్టు వేలితో రుద్దితే తేలిగ్గా రాలాలి. గోటితో గీకితే లోపల పచ్చగా కాకుండా పసుపుగా కనిపించాలి. పాలు తక్కువ కారాలి. అప్పుడు కోసి, గుడ్డతో తుడిచి ఉంచితే వారంలో పండుతుంది. బొప్పాయి అడుగున ఒకటి రెండు పసుపు చారలు పడగానే కోసుకోవచ్చు. నేరేడుకైతే చెట్టుకింద పాత చీర నాలుగు కొసలూ పట్టుకుని నిలబడి, గెడతో కొమ్మ కదిపితే చాలు, మట్టి అంటకుండా రాలతాయి.

ఇవి మరిచిపోవద్దు

చెట్టు పక్కనుంచి కరెంటు తీగ వెళుతుంటే ఆ కొమ్మ కాయ మనది కాదనుకోండి. ఇనుప గొట్టం, అల్యూమినియం గొట్టం గెడగా వాడొద్దు. తడిసిన వెదురూ కరెంటును మోస్తుంది కాబట్టి వాన వెలిసిన వెంటనే కోతకు దిగకండి. గెడ 12 నుంచి 15 అడుగులకు మించితే మన అదుపులో ఉండదు. ఎండ ముదరకముందే పని ముగించాలి. పదినిమిషాలకోసారి మెడ దించి, నాలుగు గుటకలు నీళ్లు తాగాలి. ఎవరెంత మునగచెట్టు ఎక్కించినా మామిడిచెట్టు మాత్రం ఎక్కకండి!

ఆ వేసవి తర్వాత మా వీధిలో ఏడిళ్లవాళ్లు గుత్త మానేశారు. పిన్నిగారు ఏటా మాఘమాసం దాటగానే చిక్కం సంచులు, జామ సంచులు కుట్టడం మొదలుపెడుతున్నారు. పెళ్లిళ్ల జాకెట్ల పని తగ్గే రోజుల్లో ఆవిడకు అదో ఆదాయం. డబ్బు లెక్క వేస్తే గుత్త సొమ్ము రెండున్నర వేలు మాకు పోయినట్టే. కానీ ఆ వేసవంతా పండు కొనలేదు. అత్తగారికి మాత్రమే తెలిసిన విద్య మా అమ్మాయికి వచ్చింది. దానికి ఏ గుత్తదారు ధర కట్టగలడు?

మీ ఇంట్లో చెట్టుంటే ఈ ఆదివారమే పాత గుడ్డల మూట విప్పండి. కాయ ముదిరేనాటికి చిక్కం సిద్ధంగా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే కుర్చీ తెచ్చి చెట్టుకింద వేయండి, వాళ్లకు తెలిసింది అడిగి చెప్పించుకోండి. కోతలన్నీ అయ్యాక సంచిని సబ్బునీళ్లలో నానబెట్టి ఉతికి, ఆరబెట్టి, నాలుగు ఎండు వేపాకులు వేసి దాచండి. కత్తికి కాస్త నూనె రాయండి. చిటారుకొమ్మన గెడకు అందని కాయలుంటాయి చూశారూ, వాటి జోలికి పోవద్దు. చిలకలకూ ఉడుతలకూ కూడా వేసవే కదా!